క్రొత్త కారు మొరాయించినచో

పూర్వము మన పల్లెలలో రైతు సంతకు పోయి కాడి యెడ్లను కొనునప్పుడు ఒక పద్ధతి యుండెడిది. ముందుగా పండ్లు పట్టి చూచి వయస్సు తెలిసికొనెడివాడు. సుడులు ఎక్కడెక్కడ నున్నవో పరిశీలించెడివాడు. గిట్టలు తట్టి చూచెడివాడు. నాలుగడుగులు నడిపించి, వీలైనచో బండికి కట్టి లాగించి, అప్పుడు గాని చెంగున ముడివేసిన పైకము విప్పెడివాడు కాడు. ఇంత చేసినను ఇంటికి వచ్చిన యెద్దు మూడవనాడు కాడి క్రింద పండుకొన్నచో, ఊరి పెద్దలు "చూచియే కొన్నావు గదా!" అనెడివారు. దానితో తగవు తీరిపోయెడిది. తప్పు కొన్నవానిదే.

ఈనాటి మోటారు కారు పండ్లు పట్టి చూచుటకు వీలైన వస్తువు కాదు. షోరూములో దీపముల వెలుగున అది అద్దమువలె మెరయుచుండును. మూత యెత్తి చూచినను మనకు కనబడునది ఒక నల్లని కప్పు మాత్రమే. దాని క్రింద యంత్రము, యంత్రమును నడిపించు చిన్న చిన్న కంప్యూటర్లు, వాటిని కలుపు తీగల గుంపు ఉండును. కారు ఎంత ఖరీదైనదో ఆ తీగలు, ఆ కంప్యూటర్లు అంత యెక్కువ. లోపము ఎందులో నున్నదో తయారుచేసినవానికి తెలియవలెను. ఒక్కొక్కప్పుడు వానికిని వెంటనే తెలియదు. కావున "చూచియే కొన్నావు గదా!" అను పాత తీర్పు ఈ వస్తువునకు వర్తింపదు. మన చట్టము ఈ సంగతిని గుర్తించినది. ఎట్లు గుర్తించినదో, దాని వలన ప్రయోజనము పొందుటకు కొన్నవాడేమి చేయవలెనో ముచ్చటించుటయే నేటి మా ఉద్దేశము.

లక్షలు పోసి లగ్జరీ కార్లు కొనువారి కష్టములతో మనకేమి పని యని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. పని కలదు. ఏ చట్టము 60 లక్షల కారును రక్షించుచున్నదో, ఆ చట్టమే మన యింటి రిఫ్రిజిరేటరును, మిక్సీని, కుట్టు మిషనును, ఈ రేడియోను గూడ రక్షించుచున్నది. పెద్ద వస్తువు విషయమున సంస్థలు పెద్ద లాయర్లను పెట్టి కడదాక పోరాడును. అట్టి తగవులలో వెలువడిన తీర్పులే చిన్న వస్తువు కొన్నవారికిని దారి చూపును.

ముందుగా మా బంధువర్గములో జరిగిన ఒక సంగతి చెప్పెదము. మా బావగారు వైద్యవృత్తిలో ముప్పది యేండ్లు గడిపినవారు. పిల్లల చదువులు, పెండ్లిండ్లు ముగిసిన పిమ్మట, జన్మలో ఒక్కసారి మంచి కారు ఎక్కవలెనని ముచ్చటపడి ఒక విదేశీ సంస్థవారి లగ్జరీ కారును కొనిరి. పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, గుంటూరునుండి విజయవాడకు మొదటి ప్రయాణము కట్టిరి. కృష్ణ వారధిమీద నడుమదాక వచ్చునప్పటికి ముందరి పలకమీద ఎఱ్ఱని దీపము వెలిగెను. కారు శక్తి కోల్పోయి నిలిచిపోయెను. వెనుక లారీల హారన్లు, ప్రక్కన అక్కగారి కంగారు, క్రింద కృష్ణమ్మ. లారీలో ఎక్కించి వర్కుషాపునకు చేర్చిరి.

వర్కుషాపువారు కాఫీ ఇచ్చి, ఎంతో మర్యాద చూపి, సాయంకాలమునకు కారు తిరిగి ఇచ్చివేసిరి. "చిన్న సర్దుబాటు, అయిపోయినదండీ" అనిరి. పదునైదు దినములకు మరల అదే దీపము. మరల అదే కాఫీ, అదే మాట. మూడవసారియు అట్లే. ఆ మూడు సార్లును బావగారు ఒక్క కాగితమైనను అడిగి పుచ్చుకొనలేదు. "పెద్ద సంస్థ గదా, వారి పుస్తకములలో వ్రాసికొనియే యుందురు" అని అనుకొనిరి. ఈ కథ ముగింపు తరువాత చెప్పెదము. ఇప్పుడు చట్టము సంగతి చూతము.

వస్తువు అమ్మినవాడు దాని మంచిచెడ్డలకు కొంతవరకు బాధ్యుడను నియమము మనకు క్రొత్తది కాదు. 1930 సంవత్సరపు వస్తు విక్రయ చట్టములోనే అది కలదు. ఏ ఉపయోగము కొఱకు కొనుచున్నాడో తెలిపి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్న సందర్భములలో, ఆ వస్తువు ఆ ఉపయోగమునకు తగినదై యుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కాని దానిని అమలు జరిపించుకొనుటకు సివిలు కోర్టునకు పోవలెను. కోర్టు రుసుము, వాయిదాలు, అప్పీళ్లు అనిన సామాన్యుడు వెనుకాడెడివాడు.

ఈ చిక్కు తొలగించుటకే 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. ఆ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించిన డిసెంబరు 24వ తేదీని మన దేశమున జాతీయ వినియోగదారుల దినముగా పాటించుచున్నారు. దాని స్థానమున 2019లో చేసిన క్రొత్త చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. జిల్లాకు, రాష్ట్రమునకు, దేశమునకు వేర్వేరు కమిషనులు దీనిక్రింద పనిచేయుచున్నవి. జనులు నేటికిని వీటిని వినియోగదారుల కోర్టులనియే పిలుచుచున్నారు.

ఈ చట్టములో 'లోపము' అను మాటకు చాల విశాలమైన అర్థము నిచ్చినారు. వస్తువుయొక్క నాణ్యతలో గాని, పరిమాణములో గాని, శక్తిలో గాని, శుద్ధిలో గాని, ప్రమాణములో గాని ఉండు ఏ కొరతయైనను లోపమే. ఆ ప్రమాణము శాసనము విధించినది కావచ్చును. ఒప్పందములో వ్రాసికొన్నది కావచ్చును. వర్తకుడు తన వస్తువును గూర్చి చెప్పుకొన్నది కావచ్చును. కావున షోరూములో మన చేతికిచ్చిన రంగుల పుస్తకమును పిల్లలకు బొమ్మలు చూచుకొనుటకు ఈయక దాచిపెట్టుట మంచిది. అందులోని గొప్పలు రేపు సాక్ష్యములు కావచ్చును.

ఇక మన హైదరాబాదులోనే పుట్టి, సుప్రీం కోర్టుదాక పోయిన ఒక వివాదమును చెప్పెదము. 2009 సెప్టెంబరు 25వ తేదీన ఒక కంపెనీవారు బి.ఎం.డబ్ల్యూ. సంస్థవారి 7 సిరీసు కారును కొనిరి. నాలుగు దినములు తిరుగక ముందే, 29వ తేదీన, కారు నడుపుచుండగా తీవ్రమైన లోపము కనబడినదని దానిని వర్కుషాపునకు చేర్చిరి. నవంబరు 13వ తేదీన మరల అట్టి లోపమే కనబడినదని వారి ఆరోపణ. మూడు దినములలో, అనగా నవంబరు 16వ తేదీన, పోలీసు కేసు నమోదైనది. నాటి భారత శిక్షాస్మృతిలోని 418, 420 సెక్షన్ల క్రింద మోసము చేసిరని ఆరోపణ.

తయారీదారులు హైకోర్టునకు పోయిరి. 2012 మార్చి 22వ తేదీన హైకోర్టువారు, ఇందులో మోసము అను నేరమునకు కావలసిన అంశములు లేవని పోలీసు కేసును కొట్టివేసిరి. కాని అంతటితో ఆగక, పాత కారునకు బదులు క్రొత్త 7 సిరీసు కారు నీయవలసినదని తయారీదారులను ఆదేశించిరి. తయారీదారులు అందులకు సిద్ధపడి, పాత కారును తిరిగి ఈయుడని వ్రాసిరి. ఫిర్యాదుచేసినవారు ఒప్పుకొనలేదు. మాకు కారు వలదు, వడ్డీతో పైకము కావలెననిరి. వివాదము సుప్రీం కోర్టునకు చేరినది.

సుప్రీం కోర్టు తీర్పు 2024 జూలై 10వ తేదీన వెలువడినది. మోసము లేదని తేల్చిన పిమ్మట క్రొత్త కారు ఈయుమని ఆదేశించుటకు హైకోర్టునకు ఆధారము లేదని న్యాయమూర్తులు పలికిరి. అయినను, వివాదమునకు సంపూర్ణ న్యాయము చేకూర్చుటకు రాజ్యాంగములోని 142వ అధికరణము తమకిచ్చిన అధికారమును వినియోగించి, తయారీదారులు ఫిర్యాదుదారులకు 50 లక్షల రూపాయలను చెల్లింపవలెననియు, దానితో అన్ని క్లెయిములు తీరిపోవుననియు ఆదేశించిరి.

ఈ కథలో కొన్నవారికి కొంత పైకము ముట్టినది, నిజమే. కాని కాలము చూడుడు. 2009లో కొన్న కారునకు 2024లో పరిష్కారము. నడుమ ఉమ్మడి రాష్ట్రము రెండైనది. దేశమున కార్ల రూపురేఖలే మారినవి. 2012లో క్రొత్త కారు ఇచ్చెదమన్న మాట వచ్చియు చేయి జారినది. ఆ 50 లక్షలు గూడ సుప్రీం కోర్టునకు రాజ్యాంగమిచ్చిన ప్రత్యేకాధికారము వలన లభించినవే గాని, పోలీసు కేసు వలన లభించినవి కావు. ఆ అధికారము జిల్లా న్యాయస్థానమునకు లేదు, హైకోర్టునకును లేదు.

దీనినుండి మనము నేర్వవలసినదేమి? కారు చెడిపోవుట వేరు, మోసము వేరు. మోసమని నిరూపింపవలెననిన, అమ్ముచున్నప్పుడే వానికి దురుద్దేశ ముండెనని చూపవలెను. అది బహు కష్టము. లోపమని నిరూపించుటకు దురుద్దేశముతో పనిలేదు. వస్తువు ఉండవలసినట్లు లేదని చూపిన చాలును. కోపము వచ్చిన వెంటనే పోలీసు స్టేషను గుర్తునకు వచ్చుట సహజమే. కాని ఆ తలుపు దొంగతనమునకు, దగాకు. మొరాయించు యంత్రమునకు తలుపు వినియోగదారుల కమిషను.

ఇచట ఒక సందేహము రావచ్చును. ఆ కారు కొన్నది ఒక కంపెనీ గదా, కంపెనీ వినియోగదారుడగునా? వ్యాపార ప్రయోజనము కొఱకు కొన్నవారిని చట్టము వినియోగదారులుగా లెక్కింపదు. కాని వ్యాపార ప్రయోజన మనగా నేమి? 2024 జూలైలోనే, మరియొక లగ్జరీ కారు వివాదమున సుప్రీం కోర్టువారు దీనిని వివరించిరి. కొన్నది కంపెనీ అయినంత మాత్రమున అది వ్యాపార ప్రయోజనము కాజాలదు. డైరెక్టరుయొక్క సొంత వినియోగము కొఱకు కొన్న కారును గూర్చి కంపెనీ ఫిర్యాదు చేయవచ్చును అని ఆ తీర్పు సారాంశము. అట్లే, తన జీవనోపాధి కొఱకు తానే టాక్సీ నడుపుకొనుటకు కారు కొన్నవానిని గూడ చట్టము వినియోగదారుడుగానే చూచుచున్నది.

సరియైన తలుపు తట్టినంత మాత్రమున పని కాదు. ఏమి అడుగవలెనో, దానిని ఎట్లు నిరూపింపవలెనో తెలిసియుండవలెను. కారు మొరాయించిన ప్రతివాడును మొదట అడుగునది "నాకు క్రొత్త కారు ఈయుడు" అని. చట్టము ఆ పరిహారమును గూడ పేర్కొన్నది. లోపము తొలగింపుమనవచ్చును, వస్తువు మార్చి లోపము లేనిదానిని ఈయుమనవచ్చును, వెల తిరిగి ఈయుమనవచ్చును, నష్టపరిహారము చెల్లింపుమనవచ్చును. కాని వీటిలో ఏది లభించుననునది లోపముయొక్క స్వభావముమీద ఆధారపడియుండును.

2006లో సుప్రీం కోర్టు ముందు ఒక కారు క్లచ్చి లోపమును గూర్చిన వివాదము వచ్చినది. వారంటీ పత్రములో, లోపమున్న భాగమును బాగుచేసెదము లేక మార్చెదము అని మాత్రమే యున్నది. అట్టి పరిస్థితిలో మొత్తము కారునే మార్చుమని ఆదేశించుట తగదని న్యాయస్థానము తీర్పు చెప్పినది. కావున ఒక భాగము చెడిపోయి, దానిని మార్చగా బాగుపడు లోపము ఒకటి. కారు పుట్టుకలోనే యుండి, ఎన్ని మార్లు బాగుచేసినను మరల మరల తల యెత్తు లోపము మరియొకటి. ఈ రెండవదానినే తయారీ లోపమందురు. క్రొత్త కారు గాని, పూర్తి వెల గాని కావలెననినచో ఈ తయారీ లోపమును చూపింపవలెను.

దానిని ఎవరు తేల్చవలెను? సాధారణముగా నిపుణుడు తేల్చవలెను. పరీక్ష లేకుండ తేలని లోపమైనచో కమిషను ఆ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి, 45 దినములలో నివేదిక కోరవచ్చును. పరీక్షకగు రుసుమును ముందుగా ఫిర్యాదుదారు కట్టవలసి యుండును. ఫిర్యాదునందే ఈ పరీక్షను కోరుట మేలు. నిపుణుని మాట లేని ఫిర్యాదు చక్రము లేని బండివంటిది.

అయినను కొన్ని సందర్భములలో వస్తువే సాక్ష్యము చెప్పును. 2022లో సుప్రీం కోర్టు ముందు వచ్చిన ఒక వివాదములో ప్రమాదము జరిగినప్పుడు కారులోని ఎయిర్ బ్యాగులు విప్పుకొనలేదు. దెబ్బ తగినంత గట్టిగా తగులలేదని తయారీదారులు వాదించిరి. కారు కొన్నవాడు దెబ్బ వేగమును, బలమును లెక్కగట్టుటకు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చినది. రక్షించుట కొఱకు పెట్టిన వస్తువు రక్షింపవలసిన క్షణమున పనిచేయకపోవుటయే లోపమును చాటుచున్నదని భావము.

ఇప్పుడు మా బావగారి కథకు తిరిగి వచ్చెదము. నాల్గవసారి కారు ఆగినప్పుడు మేము గూడ ఆయన వెంట వర్కుషాపునకు పోతిమి. మేనేజరు ఎప్పటివలెనే మర్యాద చేసెను. మేము జాబ్ కార్డు అడిగితిమి. కొంత తడబాటు తరువాత ఇచ్చిరి. అందులో "తనిఖీ చేయబడినది, లోపము కనబడలేదు" అని వ్రాసియున్నది. "లోపము లేనిచో కారును లారీమీద ఎందులకు తెచ్చితిమి బావగారూ?" అని మేము అనగా, ఆయన ఆ కాగితము వెనుకకు త్రిప్పి, కారు ఆగిన తేదీ, వేళ, స్థలము, వెలిగిన దీపము గుర్తు, లారీ రశీదు సంఖ్య వ్రాసి సంతకము చేసి, మేనేజరు చేత గూడ సంతకము చేయించిరి. అది మొదలు ప్రతిసారియు అట్లే జరిగినది. దీపము వెలిగినప్పుడెల్ల అక్కగారు ఫోనుతో ఫొటో తీసెడివారు. మొత్తము ఏడుసార్లు కారు ఆగినది. కాగితము గలవి నాలుగు.

పిమ్మట ఆ నాలుగు కాగితముల నకళ్లు జతపరచి డీలరునకును తయారీదారునకును నోటీసు పంపిరి. నెల తిరుగక ముందే తయారీదారుల ఇంజనీరు వచ్చి, రెండు దినములు కారును తానే నడిపి, తీగల కట్టలో నొకచోట లోపమున్నదని కనుగొనెను. ఆ కట్టను ఉచితముగా మార్చి, వారంటీని ఒక సంవత్సరము పొడిగించిరి. కారు బాగుపడినది. బావగారికి మాత్రము తృప్తి కలుగలేదు. క్రొత్త కారు కావలెనని ఆయన పట్టు. మేము ఒక లాయరును సంప్రదింపగా, ఆయన కాగితములన్నియు చదివి, "ఏడుసార్లు ఆగినదని మీరందురు; నాలుగుసార్లని కాగితములు చెప్పుచున్నవి. ఆ నాలుగింటికిని కారణమైన లోపము తొలగినది. ఇక మిగిలినది మీకు కలిగిన శ్రమకు పరిహారము" అనిరి. మాటలు నీటి మూటలు. మొదటి మూడుసార్లును త్రాగిన కాఫీ ఎంత ఖరీదైనదో బావగారికి అప్పుడు తెలిసినది.

కావున శ్రోతలకు మా మొదటి మనవి యిది. వర్కుషాపులో కారు విడిచినప్పుడెల్ల జాబ్ కార్డు పుచ్చుకొనుడు. మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటలలోనే అందులో వ్రాయబడవలెను. "సాధారణ తనిఖీ" అని వ్రాసినచో ఒప్పుకొనకుడు. తిరిగి తీసికొనునప్పుడు ఏమి చేసిరో, ఏ భాగము మార్చిరో, ఎన్ని దినములు కారు వారియొద్ద నున్నదో వ్రాయించుకొనుడు. బాగుపడలేదని తోచినచో "సంతృప్తికరముగా నున్నది" అను చోట సంతకము చేయకుడు. ఫోనులో మాటలాడిన సంగతిని అదే దినమున ఈమెయిలుగా వ్రాసి పంపుడు. అద్దె కార్ల బిల్లులు గూడ దాచుడు.

రెండవ మనవి. నోటీసును డీలరునకు మాత్రమే గాక తయారీదారునకును పంపుడు. డీలరు, తయారీదారు వేర్వేరు వ్యాపారులు. డీలరు తాను స్వయముగా చేసిన తప్పునకు, తయారీదారునకు తెలియనిచో, తయారీదారు బాధ్యుడు కాడని 2021లో సుప్రీం కోర్టు ఒక తీర్పులో చెప్పినది. అట్లే కారు పుట్టుకలో నున్న లోపమునకు తాను బాధ్యుడను కానని డీలరు అనవచ్చును. ఇద్దరిని ఒకచోట నిలిపినచో బాధ్యతను ఒకరిమీదినుండి మరియొకరిమీదికి నెట్టుట కష్టమగును. నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, ముట్టినట్లు ఋజువు దాచుడు.

మూడవది కాలము. ఫిర్యాదునకు కారణము పుట్టిన దినమునుండి రెండు సంవత్సరములలోపల కమిషనును ఆశ్రయింపవలెను. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో కమిషను మన్నింపవచ్చును గాని, ఆ మన్నింపుమీద ఆశ పెట్టుకొనరాదు. వర్కుషాపువారి మర్యాదలతో రెండేండ్లు ఇట్టే గడిచిపోవును.

ఇక ఎచటికి పోవలెను? ఇది వస్తువునకు మనము చెల్లించిన వెలనుబట్టి యుండును. 2021 డిసెంబరులో సవరించిన నియమముల ప్రకారము, 50 లక్షల వరకు జిల్లా కమిషను. అంతకు మించి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషను. ఆపైన ఢిల్లీలోని జాతీయ కమిషను. ఫిర్యాదు రుసుము చాల తక్కువ. 5 లక్షల వరకు రుసుమే లేదు. 20 లక్షలకు మించి 50 లక్షల వరకు 1000 రూపాయలు. కోటి వరకు 2000. 2 కోట్ల వరకు 2500. సివిలు కోర్టు రుసుముతో పోల్చిన ఇది ఏపాటి? 2019 చట్టము మరియొక మేలు చేసినది. కారును ఏ ఊరిలో కొన్నను, మనము నివసించు ఊరిలో, లేక పనిచేయు ఊరిలో ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదులో కొన్న కారును గూర్చి శ్రీకాకుళమువాడు శ్రీకాకుళములోనే అడుగవచ్చును. అంతర్జాలము ద్వారా ఫిర్యాదు దాఖలు చేయు వీలును కలదు. లాయరు లేకుండ స్వయముగా వాదించుకొనవచ్చును.

ఎదుటిపక్షము 30 దినములలో, గడువు పొడిగించినచో మరి 15 దినములలో, జవాబు దాఖలు చేయవలెను. పరీక్ష అవసరము లేని ఫిర్యాదు 3 నెలలలోను, అవసరమైనది 5 నెలలలోను తేలవలెనని చట్టముయొక్క ఆశయము. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ కాలము పట్టుచున్నదని అనుభవజ్ఞు లెరుగుదురు. అందుచేతనే రాజీకి అవకాశమున్నచోట మధ్యవర్తిత్వమునకు పంపు పద్ధతిని 2019 చట్టములో చేర్చినారు. ఫిర్యాదునకు ముందు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసినచో, వారు సంస్థతో మాటలాడి చూచెదరు. కొన్ని వివాదములు అచటనే తీరిపోవును.

అప్పు తీసికొని కారు కొన్నవారికొక హెచ్చరిక. కారు నడచుటలేదని బ్యాంకు వాయిదాలు మానివేయరాదు. బ్యాంకుతో మన ఒప్పందము వేరు, డీలరుతో వేరు. వాయిదా తప్పినచో గోరుచుట్టుమీద రోకటిపోటు చందమున, మొరాయించు కారుతోబాటు అప్పు చిక్కును వచ్చి పడును. ఆ వడ్డీ భారమును నష్టపరిహారముతో కలిపి కమిషనులో అడుగుట మార్గము.

కొన్నవాని బాధ్యతలును కొన్ని కలవు. సర్వీసు వేళకు చేయింపవలెను. బయటి దుకాణములలో తీగలు కోసి క్రొత్త దీపములు, పెద్ద స్పీకర్లు బిగించినచో, లోపము తన చేతిపని వలన కలుగలేదని చూపుట కష్టము. ఇంధనము సరియైనది వాడవలెను. చట్టము జాగరూకునకే చేయూతనిచ్చును.

ఇతర దేశములలో ఈ విషయమున ఏమి చేయుచున్నారో కొంచెము చూతము. అమెరికాలో మరల మరల చెడిపోవు క్రొత్త కారును 'లెమన్', అనగా నిమ్మపండు, అని వాడుకలో పిలుతురు. 1982లో కనెక్టికట్ రాష్ట్రమువారు మొట్టమొదటగా దీనికొక ప్రత్యేక శాసనము చేసిరి. క్రమముగా తక్కిన రాష్ట్రములును చేసినవి. ఇన్నిసార్లు ప్రయత్నించినను బాగుపడనిచో, లేక ఇన్ని దినములు కారు వర్కుషాపులోనే పడియున్నచో, దానిని మార్చవలెను, లేదా వెల తిరిగి ఈయవలెను అని ఆ శాసనములు లెక్కగట్టి చెప్పుచున్నవి. అచట స్థిరపడిన మన తెలుగువారికిని ఆ హక్కు కలదు. బ్రిటనులో 2015 సంవత్సరపు చట్టము ప్రకారము, లోపమున్న వస్తువును 30 దినములలోపల తిరిగి ఇచ్చి పైకము పుచ్చుకొనవచ్చును. ఆ తరువాతనైనను ఒక్కసారి బాగుచేయు ప్రయత్నము విఫలమైనచో, వస్తువును తిరస్కరించు హక్కు కలదు.

మన దేశమున ఇట్టి ప్రత్యేక శాసనము లేదు. ఎన్నిసార్లు చెడిపోయిన అది తయారీ లోపమగునో చెప్పు సంఖ్య మన చట్టములో లేదు. ప్రతి వివాదమును దాని సాక్ష్యముమీద తేల్చవలసినదే. కాని 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో ఒక మేలు కలదు. ప్రజలకు గాని, పర్యావరణమునకు గాని ప్రమాదము కలిగించు లోపము ఒక రకము వాహనములలో కనబడినచో, ఆ వాహనములన్నిటిని వెనుకకు పిలువవలసినదని తయారీదారులను కేంద్ర ప్రభుత్వము ఆదేశింపవచ్చును. కావున లోపమును గూర్చి మనము చేయు ఫిర్యాదు మన యొక్కరికే గాక, అదే కారు కొన్న మరి వేయిమందికి మేలు చేయవచ్చును.

లెక్కపెట్టి చెప్పు శాసనము లేని దేశమున లెక్క పెట్టవలసినవాడు కొన్నవాడే. ఎన్నిసార్లు ఆగినది, ఎక్కడ ఆగినది, ఎన్ని దినములు వర్కుషాపులో నున్నది, వారేమి వ్రాసిరి: ఈ లెక్కయే మన దేశపు వినియోగదారునకు శాసనము చేయని పనిని చేయును. సంతలో రైతు ఎద్దు పండ్లు చూచి నిర్ణయించెడివాడు. మనము కారు పండ్లు చూడలేము. కాని దాని నడకను దినదినము వ్రాసి యుంచగలము. ఆనాటి పెద్దలు కొన్నవానితో "చూచియే కొన్నావు గదా!" అనిరి. ఈనాటి న్యాయపీఠము అమ్మినవానితో "తెలిసియే చేసినావు గదా!" అనుటకు సిద్ధముగా నున్నది. ఆ మాట అనిపించు కాగితము మాత్రము మన పెట్టెలో నుండవలెను.

మా బావగారి కారు నేడు చక్కగా నడచుచున్నది. మొన్న అక్కగారి కొఱకు క్రొత్త గ్రైండరు కొన్నప్పుడు ఆయన దుకాణములో మొట్టమొదట అడిగినది వెల కాదు, బిల్లు మీద తేదీ, దుకాణము ముద్ర.